పడకకుర్చీలో వెనిస్ యాత్ర

మేమిద్దరము ప్రతి సాయంకాలము వెనిస్ నగరానికి వెళ్ళి వస్తాము. రాత్రి భోజనాలు ముగిసి, గిన్నెలు సర్దుకొని, వరండాలో కూర్చున్న తరువాత మా ప్రయాణము మొదలవుతుంది. ఆయనకు పడకకుర్చీ, ఆమెకు నవారు మంచము. టిక్కెట్టు అక్కరలేదు, పెట్టె సర్దుకోనక్కరలేదు, ఇల్లు చూసుకొమ్మని పక్కింటివారిని బతిమాలనక్కరలేదు. తొమ్మిదిన్నరకో పదికో మళ్ళీ చీరాలలో మా ఇంటి వరండాకే తిరిగి వచ్చేస్తాము. నలభై ఏళ్ళకు పైగా ఇదే వరస. ఇంతవరకూ మేము ఈ దేశము పొలిమేర దాటి ఎరుగము.

ఈ నాలుగు మాటలు ఇద్దరము కలిసి రాస్తున్నాము. చేతిరాత ఒకరిది, జ్ఞాపకాలు ఇద్దరివి. అందుకే "నేను" అని రాయడానికి మనసొప్పలేదు. ఎవరి సంగతి చెప్పవలసి వచ్చినా మాలో ఆయన, మాలో ఆమె అని చెప్పుకుంటాము. చదువరులు మన్నించాలి.

మా పెళ్ళి 1981లో జరిగింది. మాలో ఆయన హైస్కూలులో సాంఘిక శాస్త్రము చెప్పేవారు. మాలో ఆమె ప్రాథమిక పాఠశాలలో టీచరు. రెండు జీతాలున్నా, ఆయన చెల్లెళ్ళ పెళ్ళి అప్పులు, ఆమె తల్లిదండ్రుల వైద్యము పోగా మిగిలేది తక్కువ. పెళ్ళయిన కొత్తలో అందరూ ఊటీ, కొడైకెనాల్ అంటూ ఉంటే మేము వేసవి సెలవులను ఇంట్లోనే గడిపాము. ఆ లోటు తీర్చుదామని కాబోలు, 1982లో ఒక సాయంకాలము ఆయన శాఖా గ్రంథాలయము నుండి ఒక ఇంగ్లీషు పుస్తకము తెచ్చారు. అట్ట ఊడిపోయింది, మొదటి నాలుగు పేజీలు లేవు. అందువలన ఆ పుస్తకము పేరేమిటో, రాసినది ఎవరో మాకు ఈనాటికీ తెలియదు. లోపల మాత్రము వెనిస్ నగరపు ఛాయాచిత్రాలు నిండుగా ఉన్నాయి.

"చూశావా, ఊరంతా కాలువలే. బస్సులు లేవు, రిక్షాలు లేవు. పెళ్ళి చేసుకొన్నవాళ్ళు ప్రపంచము నలుమూలల నుండీ అక్కడికి వెళ్తారట" అంటూ ఆయన మురిపెముగా ఒక బొమ్మ చూపించారు. ఒక ఇల్లు. దాని గడపను తాకుతూ నీళ్ళు. మెట్టుకు కట్టిన పడవ ఒకటి.

మాలో ఆమె ఆ బొమ్మను కాసేపు చూసి, పుస్తకము మూసి, ఆయన చేతికి ఇచ్చేసింది.

"గడపదాకా నీళ్ళు వచ్చిన ఇల్లు అందముగా ఉంటుందాండీ?" అని మాత్రము అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆమెది దివిసీమలో ఒక చిన్న గ్రామము. కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రములో కలిసే చోట, ఆ పాయల నడుమ ఉన్న లంక దివిసీమ. 1977 నవంబరు 19, శనివారము నాడు వచ్చిన ఉప్పెన సంగతి మన తరమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. ఆ రోజు ఆమె గుంటూరులో ఉపాధ్యాయ శిక్షణ హాస్టలులో ఉంది. ఇంటి దగ్గర అమ్మ, నాన్న, నానమ్మ, తొమ్మిదేళ్ళ తమ్ముడు. అమ్మానాన్నలు తాటిచెట్టు పట్టుకొని బతికారు. మిగిలిన ఇద్దరూ దొరకలేదు. పెద్దవాళ్ళు ఆ ఊరు వదిలి గుంటూరు వచ్చేశారు. ఆ రాత్రి ఏమి జరిగిందో వారు బతికినన్నాళ్ళూ చెప్పలేదు. ఆమె అడగలేదు.

పెళ్ళినాటికి ఆయనకు ఈ సంగతి తెలుసు. కాని ఒక సంగతి తెలిసి ఉండడము వేరు, అది ఎదుటి మనిషిలో ఎక్కడ దాగి ఉన్నదో తెలిసి ఉండడము వేరు. ఆ పుస్తకమును మరునాడే గ్రంథాలయములో ఇచ్చేశారు. దాదాపు ఏడాదిపాటు మా ఇంట్లో వెనిస్ మాట లేదు.

మళ్ళీ ఆ మాట ఎత్తినది మాలో ఆమే. బడిలోని పాత ఇంగ్లీషు పత్రికల కట్టలో ఆమెకు ఒక వ్యాసము కనబడింది. 1966 నవంబరు 4న వెనిస్‌ను సముద్రము ముంచెత్తిన కథ అది. ఆ నగరములో నీటిమట్టాన్ని కొలవడానికి ఒక గుర్తు ఉన్నది. ఆ గుర్తుకు పైన నీళ్ళు ఆ రోజు 194 సెంటీమీటర్లకు చేరాయి. కరెంటు పోయింది. నేల అంతస్తులలో ఉన్న సామాను, పుస్తకాలు, సరుకులు అన్నీ తడిసి ముద్దయ్యాయి. వ్యాసమును ఆమె మూడుసార్లు చదివింది. సాయంకాలము ఇంటికి వచ్చి ఆయనతో అన్నది: "ఏమండీ, వాళ్ళకూ ఉప్పెన వచ్చిందట. అయినా ఆ ఊరు వదిలి పోలేదట. ఆ బురదలో ఆ ఊరు ఎట్లా నిలబడిందో, ఆ పుస్తకములో ఏమైనా ఉందేమో చూస్తారా?"

మా యాత్ర మొదలైనది ఆనాడు. అందరూ వెన్నెల కోసము, పడవపాటల కోసము వెళ్ళే ఊరికి, మేము నీళ్ళలో ఒక ఊరు ఎట్లా బతుకుతుందో తెలుసుకోవడానికి వెళ్ళాము.

ఆ పుస్తకము మళ్ళీ మా ఇంటికి వచ్చి చేరింది. గడువు తీరిన ప్రతిసారీ ఆయన దానిని తీసుకొనివెళ్ళి, ముద్ర వేయించుకొని మళ్ళీ తెచ్చేవారు. కొన్నేళ్ళు ఇట్లా గడిచాక గ్రంథాలయమువారు దానిని రద్దు పుస్తకాలలో చేర్చారు. మూడు రూపాయలిచ్చి కొనుక్కున్నాము. మా జీవితములో మూడు రూపాయలకు అంత విలువైనది మరొకటి దొరకలేదు.

అది 118 చిన్న లంకలు కలిసిన నగరమని, వాటిని కలిపే వంతెనలు నాలుగు వందలకు పైగా ఉన్నాయని మేము నేర్చుకున్నాము. ఆ మేడలు, దేవాలయాలు నిలిచి ఉన్నది బురదలో దిగ్గొట్టిన కొయ్య గుంజల మీద. నీళ్ళలో నానిన కొయ్య కుళ్ళిపోదా అని మాకు మొదట సందేహము కలిగింది. గాలి సోకని బురదలో కొయ్యను కుళ్ళబెట్టే క్రిములు సరిగా బతకలేవు. అందువలన ఆ గుంజలు వందల ఏళ్ళు నిలిచాయి. ఒక్క సాంతా మరియా దెల్లా సలూటే దేవాలయము కిందనే పది లక్షలకు పైగా గుంజలు ఉన్నాయని చెబుతారు. "మా ఊళ్ళో తాటిమొద్దులు కాలువగట్టుకు దిగ్గొట్టేవారు. అవీ అంతేనేమో" అన్నది ఆమె. అది ఆమె తన ఊరి గురించి మా ఇంట్లో తనంతట తాను చెప్పిన మొదటి మాట.

పాత క్యాలెండరు వెనుక ఆ నగరపు పటము గీసి గోడకు తగిలించాము. ఊరిని రెండుగా చీలుస్తూ మెలిక తిరిగిన పెద్ద కాలువ నాలుగు కిలోమీటర్ల కంటే కాస్త తక్కువ. దాని నడుమ 1591లో పూర్తయిన రియాల్టో రాతి వంతెన. మా ఇంటికీ పక్క ఇంటికీ మధ్య ఉన్న సందుకు రియాల్టో అని పేరు పెట్టాము. "చెప్పులు రియాల్టోలో ఉన్నాయి" అంటే మా అబ్బాయికి అర్థమయ్యేది గాని, వాడి స్నేహితులు తెల్లబోయేవారు. వర్షాకాలములో మా వీధి నీళ్ళతో నిండితే, "ఈ రోజు ప్రయాణము ఖర్చు కూడా లేదు, వెనిస్ మన ఇంటికే వచ్చింది" అని ఆయన పంచె ఎగగట్టేవారు. అప్పటికి ఆమెకు ఆ మాటకు నవ్వు వస్తూ ఉండేది.

గొండోలా అనే ఆ నల్లని పడవ గురించి చదివినప్పుడు మాకు ఒక వేడుక తెలిసింది. అది దాదాపు పదకొండు మీటర్ల పొడవు. కాని నిటారుగా ఉండదు, ఎడమవైపు కాస్త వెడల్పు. నడిపేవాడు వెనుక నిలబడి ఒకే తెడ్డును కుడివైపు వేస్తాడు. పడవ వంకరగా ఉండబట్టే తిన్నగా పోతుంది. "సంసారము కూడా ఇంతేనోయ్" అని ఆయన చమత్కరించారు. మరొక సంగతి: దానికి బాడుగ పడవకే గాని మనిషికి కాదు. ఇద్దరు ఎక్కినా, ఐదుగురు ఎక్కినా ఒకటే. "మనమిద్దరమే ఎక్కితే మిగతా చోటంతా వృథా గదా" అని మాలో ఆయన లెక్కలు వేశారు. మాలో ఆమె ఆ రోజు ఆ మాటకు నవ్వలేదు. ఎందుకో ఆయన అడగలేదు.

పుస్తకాల మీద ఎక్కి ప్రయాణము చేసినవాళ్ళము మేమొక్కరమే కాదని కూడా తెలుసుకున్నాము. షేక్స్పియరు వెనిస్ వర్తకుని కథను నాటకముగా రాశాడు. మన కాలేజీలలో ఎన్ని తరాలవారు షైలాకు పాఠము చదవలేదు! కాని షేక్స్పియరు ఇంగ్లాండు దాటి వెళ్ళినట్లు ఆధారము ఏదీ లేదు. ఆయనా మావంటివాడే అని సంతోషించాము. ఇక పడకకుర్చీ యాత్రికులందరూ కృతజ్ఞత చెప్పుకోవలసిన మనిషి ఒకరు వెనిస్‌లోనే ఉండేవారు. ఆయన ఆల్డస్ మానుటియస్ అనే ముద్రాపకుడు. బల్ల మీద పెట్టుకొని చదవవలసిన బరువైన పుస్తకాల కాలములో, 1501లో, ప్రాచీన కవుల గ్రంథాలను చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలుగా అచ్చువేయడము మొదలుపెట్టాడు. మన ఒడిలోని పుస్తకానికి అది ఒక పూర్వీకుడు.

అన్నిటికంటే మమ్మును కదిలించినది మార్కోపోలో సంగతి. అతడు వెనిస్‌వాడు. 1271లో తండ్రితోను, చిన్నాన్నతోను బయలుదేరి, 1295లో తిరిగి వచ్చాడు. తరువాత యుద్ధములో పట్టుబడి జెనోవాలో చెరసాలలో ఉన్నప్పుడు, తోటి ఖైదీ రుస్టికెల్లోకు తన ప్రయాణాలు చెప్పాడు. అతడు రాసుకున్నాడు. ప్రపంచములో ఎక్కువమంది చదివిన యాత్రాగ్రంథాలలో ఒకటి ఇట్లా నాలుగు గోడల మధ్య, ఆ దేశాలను చూడని మనిషి చేతిరాతలో తయారయింది. తలుపు తీయని గదిలో కూర్చొని రుస్టికెల్లో ఎన్ని సముద్రాలు దాటి ఉంటాడో!

ఆ పుస్తకములో ముట్ఫిలి అనే దేశము వస్తుంది. ఒక రాణి అక్కడ న్యాయముగా పరిపాలిస్తున్నదని, వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత సన్నని వస్త్రాలు నేస్తారని అందులో ఉన్నది. ఆ ముట్ఫిలి మన మోటుపల్లి రేవేనని, ఆ రాణి కాకతీయ రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు. ఇది చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మోటుపల్లి మా చీరాలకు దగ్గరలోనే ఉన్నది! మగ్గము చప్పుడు మా వీధికి కొత్త కాదు. మేము ఏళ్ళ తరబడి వెనిస్‌కు ప్రయాణము చేస్తూ ఉంటే, వెనిస్‌వాడు ఏడు వందల ఏళ్ళ కిందటే మన తీరము పేరు రాసిపెట్టి ఉన్నాడు.

మరుసటి ఆదివారము ఆరాధన కాగానే, అబ్బాయిని స్కూటరు ముందు నిలబెట్టుకొని మోటుపల్లి వెళ్ళాము. ఓడలు ఆగిన రేవు ఇప్పుడు లేదు. ఇసుక, సరుగుడు తోటలు, దూరముగా సముద్రము. అక్కడి వీరభద్రాలయములో రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనమున్న రాతిస్తంభము ఉన్నది. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకొనివచ్చి ఒడ్డున పడిన ఓడల సరుకంతా లాగుకొనేవారట. తాను అట్లా చేయనని, ఓడ వర్తకులకు అభయమిస్తున్నానని, న్యాయమైన సుంకము మాత్రమే తీసుకొంటానని గణపతిదేవుడు అందులో మాట ఇచ్చాడు. మాలో ఆయన ఈ సంగతి చెబుతూ ఉంటే మాలో ఆమె ఆ స్తంభమును చేత్తో తాకి, "తుఫానులో మునిగినవాళ్ళ మీద జాలిపడి రాయించిన మాట ఇది" అన్నది. తిరుగు దారిలో ఒక్క మాట మాట్లాడలేదు.

1990 మే 9న మళ్ళీ పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి ముందుగానే హెచ్చరికలు వచ్చాయి. మైకు కట్టిన జీపు వీధులన్నీ తిరిగింది. లక్షలాది జనాన్ని ఖాళీ చేయించారు. మేము బడి భవనములో తలదాచుకున్నాము. గుడ్డసంచిలో బియ్యము, దీపము, బట్టలు, వాటి నడుమ అట్ట లేని ఆ పుస్తకము. గాలి హోరుకు అబ్బాయి బెదిరిపోతే, ఆమె వాడిని ఒడిలో పడుకోబెట్టుకొని లాంతరు వెలుగులో బొమ్మలు చూపించడము మొదలుపెట్టింది. మునుపు తాను మూసివేసిన బొమ్మ దగ్గరకు వచ్చింది. గడపను తాకుతూ నీళ్ళు.

"ఈ ఇంటివాళ్ళు భయపడరా అమ్మా?" అని వాడు అడిగాడు.

"భయపడతారు నాన్నా. అందుకే నీళ్ళు ఎప్పుడు వస్తాయో ముందుగా కనిపెట్టుకొని ఉంటారు" అని, కాసేపు ఆగి, "మా తమ్ముడికి ఎవరూ చెప్పలేదు" అన్నది. వాడు నిద్రపోయాక, ఆ రాత్రి ఆమె తన తమ్ముడి గురించి ఆయనకు చెప్పింది. వాడికి ఈత రాదని. నీళ్ళంటే భయమని. అట్లాంటివాడు ఆ చీకట్లో ఒక్కడే నీళ్ళలో ఎంతసేపు ఉన్నాడో అనే తలంపు తనకు ప్రతి రాత్రీ వస్తుందని. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు మేము ఆ మాట మాట్లాడుకున్నాము. ఆ బొమ్మ లేకపోతే ఆ మాట బయటికి వచ్చేదా అని మేము ఇప్పటికీ అనుకుంటూ ఉంటాము.

ఆ తరువాత మా సాయంకాలపు యాత్రలలో మాకు ఇష్టమైన మజిలీ ఒకటి ఏర్పడింది. 1575 నుండి 1577 వరకు వెనిస్‌లో మహామారి చెలరేగి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది. అది శాంతిస్తే విమోచకుని పేర దేవాలయము కట్టిస్తామని నగర పాలకులు మొక్కుకున్నారు. పల్లాడియో అనే శిల్పి దానికి రూపము గీశాడు. 1592లో ప్రతిష్ఠ జరిగింది. నేటికీ ప్రతి ఏడూ జూలై మూడవ ఆదివారము పండుగకు కాలువ మీద తేలే వంతెన వేస్తారు. జనము దాని మీద నడిచి ఆ దేవాలయానికి వెళ్తారు. పూర్వము ఆ వంతెనను పడవల వరస మీద కట్టేవారు.

"నాలుగు వందల ఏళ్ళయినా తమవాళ్ళను తలుచుకోవడానికి ఒక రోజు పెట్టుకున్నారు" అన్నది మాలో ఆమె. మాకు మాత్రము నవంబరు 19 ఏటేటా వచ్చి, ఒక మాటైనా లేకుండా పోతూ ఉండేది. ఆ రోజు ఆమె ఇల్లంతా కడిగేది. అంతే.

2019 నవంబరు 12న వెనిస్ మళ్ళీ మునిగింది. 187 సెంటీమీటర్లు; 1966 తరువాత అంత ఎత్తున నీరు రావడము అదే. అప్పటికి మేము ఉద్యోగ విరమణ చేసి ఉన్నాము. టీవీలో పరిశుద్ధ మార్కు దేవాలయములో నీళ్ళు నిలిచిన దృశ్యము చూసి, సొంత ఊరు మునిగినట్లు ఇద్దరమూ అన్నము సహించక లేచాము. పడవలోనూ స్నానపు తొట్లలోనూ పుస్తకాలు పెట్టుకొని అమ్ముకొనే ఒక దుకాణము ఆ ఊళ్ళో ఉన్నది. ఆ పుస్తకాల గతి ఏమయిందోనని ఆయన దిగులు. అక్కడ నీళ్ళు వచ్చే ముందు సైరను మోగుతుంది. నీళ్ళు ఎంత ఎత్తున రాబోతున్నాయో ఆ కూతలోని స్వరాల సంఖ్యను బట్టి జనము తెలుసుకుంటారు. అది మోగిందా లేదా అని ఆమె ఆరాటము. మరుసటి ఏడు, 2020 అక్టోబరు 3న, సముద్రము లోనికి వచ్చే మూడు దారులలో కట్టిన 78 ఇనుప తలుపులను మొదటిసారి పోటుకు అడ్డముగా లేపారని, ఊరు పొడిగా ఉందని వార్త వచ్చింది. ఆమె ఆ వార్తను పత్రిక నుండి కత్తిరించి, పుస్తకములో ఆ బొమ్మ పక్కన పెట్టింది.

మా అబ్బాయి ఇప్పుడు జర్మనీలో ఉద్యోగము చేస్తున్నాడు. 2023 వేసవిలో ఫోను చేసి, "నాన్నా, అమ్మను తీసుకొని రండి. ఇక్కడి నుండి వెనిస్‌కు రైలులో వెళ్దాము. మీ రియాల్టో మీరు చూద్దురుగాని" అన్నాడు. ఆయన చిన్నపిల్లవాడైపోయారు. పాస్పోర్టులు చేయించారు, నోటు పుస్తకములో జాబితాలు రాశారు. ఆమె మోకాళ్ళ నొప్పులకు నాలుగు వందల వంతెనల మెట్లు ఎట్లాగా అని ఒక పేజీ అంతా లెక్కలు వేశారు. ఆ జాబితాల కోసము చదువుతూ ఉండగానే తెలిసింది: 1951లో ఆ పాత నగరములో 1,75,000 మంది దాకా ఉండేవారు, 2022 నాటికి 50,000 కంటే తగ్గిపోయారు. చూడవచ్చేవారు పెరిగారు, ఉండేవారు తరిగారు. ఇళ్ళు బసలుగా మారాయి.

ఆ మాట విని ఆమె చాలాసేపు మౌనముగా ఉన్నది. తరువాత, "మేమూ అట్లాగే వదిలి వచ్చేశాము గదండీ" అన్నది. "అంత దూరము వెళ్ళే ముందు నన్ను ఒకచోటికి తీసుకువెళ్తారా?"

నలభై ఏళ్ళుగా వేల మైళ్ళ దూరములో ఉన్న ఊరి సందులన్నీ మాకు కంఠస్థము. రోడ్డు మీద కొన్ని గంటల దూరములో ఉన్న ఆమె ఊరికి మేము ఒక్కసారైనా వెళ్ళలేదు. ఆ సంగతి అప్పటివరకూ మాలో ఏ ఒక్కరి నోటా రాలేదు. మాకు మేమే సిగ్గుపడ్డాము. దూరపు ఊరిని కలగనడము తప్పు కాదు. కాని ఆ కల చాటున దగ్గరి ఊరిని దాచిపెట్టుకున్నాము.

2023 నవంబరు 19 ఆదివారము అయింది. చీకటితోనే బయలుదేరి బాపట్ల, రేపల్లె మీదుగా వెళ్ళి, పెనుమూడి దగ్గర కృష్ణ వారధి దాటాము. వారధి మధ్యలో ఆమె కారు ఆపించి కిందికి చూసింది. నది నిండుగా, నెమ్మదిగా ఉన్నది. ఊరు చేరేసరికి చిన్న మందిరములో ఆరాధన జరుగుతూ ఉంటే వెనుక వరసలో కూర్చున్నాము. తరువాత ఇంటి స్థలము వెదికాము. గుర్తుపట్టడానికి ఏమీ లేదు. డాబా ఇళ్ళు, తుఫాను రక్షణ భవనము, రొయ్యల చెరువులు.

మందిరము మెట్ల మీద కూర్చున్న ఒక ముసలాయన ఆమె తండ్రి పేరు చెప్పి, "వారి అమ్మాయివి కాదూ? గుంటూరులో చదువుకొనేదానివి" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆయన తనంతట తానే చెప్పసాగాడు. ఆ సాయంకాలము గాలి ముదిరినప్పుడు జనము బడి వైపు పరుగెత్తారట. ఆమె నానమ్మ నడవలేక వెనుకబడిందట. పిల్లవాడు ముందుకు వెళ్ళినవాడు కూడా తిరిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడట. "నేను కేకవేశాను, నువ్వు రారా అని. వాడు రాలేదమ్మా. ముసలమ్మ కొంగును తన నడుముకు కట్టుకున్నాడు. చీకట్లో నాకు చివర కనబడింది ఆ ఇద్దరూ ఒక్కచోట ఉండడమే."

నలభై ఆరేళ్ళుగా ఆమె తలంపులో ఆ పిల్లవాడు నీళ్ళలో ఒక్కడే ఉన్నాడు. ఒక్కడే కాదని ఆ రోజు తెలిసింది. ఆమె ఆ ముసలాయన చేతులు పట్టుకొని ఏడ్చింది. మాలో ఆయన ఏమి చేయాలో తోచక కారులో నుండి మంచినీళ్ళ సీసా తెచ్చి పట్టుకొని నిలబడ్డారు. దుఃఖము పోయిందని మేము చెప్పలేము. దానిలో ఉన్న ఒంటరితనము పోయింది.

ఇంకా వెనిస్‌కు వెళ్ళలేదు. ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. 2024లో కొన్ని రోజులకు, ఒక్కపూట చూసిపోయే యాత్రికుల మీద ఐదు యూరోల రుసుము వేశారని చదివాము; ఉండేవారి ఊరు ఉండేవారికి మిగలాలంటే అదీ మంచిదే అనుకున్నాము. అబ్బాయి అడుగుతూనే ఉన్నాడు. వెళ్తామేమో, వెళ్ళమేమో. ప్రతి నవంబరులో దివిసీమకు మాత్రము వెళ్ళి వస్తున్నాము.

సాయంకాలాలు మునుపటివలెనే గడుస్తున్నాయి. మొన్న ఒక రాత్రి కరెంటు పోయింది. చీకట్లో పుస్తకము లేకుండానే బయలుదేరాము. మాకు దారి తెలుసు గదా. రేవు దగ్గరకు వచ్చాము. గొండోలా ఆగి ఉన్నది. అలవాటు చొప్పున మాలో ఆయన, "ఇద్దరము ఎక్కితే మిగతా చోటంతా వృథా" అన్నారు.

"వృథా ఎందుకండీ" అన్నది మాలో ఆమె. "బాడుగ పడవకే గాని మనిషికి కాదన్నారు గదా. వాడినీ, నానమ్మనూ ఎక్కించుకుందాము."

ఆయన కాస్త పక్కకు జరిగి చోటు ఇచ్చారు.